అవ్వ కోసం వెతికిన పుస్తకం

పంతొమ్మిది వందల అరవైల చివర్లో బోధన్‌కు ఆరు మైళ్ళ దూరంలో ఉన్న ఒక ఊళ్ళో నేను బడిపంతులుగా పనిచేశాను. ఊరి చుట్టూ చెరకు తోటలే. చక్కెర ఫ్యాక్టరీలో క్రషింగ్, అంటే చెరకు ఆడటం, మొదలైందంటే బండ్ల చప్పుడుకు పాఠం వినపడేది కాదు. బళ్ళో పిల్లలకు నీళ్ళు పోయడానికి ఒక ముసలామె ఉండేది. చిన్నా పెద్దా అందరూ ఆమెను అవ్వ అనే పిలిచేవారు. భర్త పోయాడు. ఒక్కగానొక్క కూతుర్ని మంజీర నది అవతల, మహారాష్ట్రలో ఇచ్చింది. పొద్దున్నే బావి నుంచి నీళ్ళు మోసుకొచ్చి, పిల్లల దోసిళ్ళలో చెంబుతో పోసేది.

ఒకరోజు మూడో తరగతి చదివే ఒక రైతు కూతురు ఆ నీళ్ళు తాగి, నాలుగడుగులు వేసి పడిపోయింది. కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయి, నోట్లోంచి నురగ వచ్చింది. ఆ వారంలోనే ఇంటి దగ్గర మరో రెండుసార్లు అట్లాగే అయింది. ఊళ్ళో ఒకటే మాట పుట్టింది: బాణామతి. చేతబడికి మా వైపు పేరది. మర్నాటి నుంచి పిల్లలు ఇళ్ళ నుంచే నీళ్ళు తెచ్చుకోసాగారు.

అవ్వ ఎవరితోనూ పోట్లాడలేదు. ఒక మధ్యాహ్నం పిల్లలు అన్నాలకు పోయాక నా కుర్చీ దగ్గరికొచ్చి నేలమీద కూర్చుంది.

"సారూ, నువ్వు సదువుకున్నోనివి. గా బాణామతి గురించి పుస్తకంల రాసి ఉంటదా?"

"ఎందుకవ్వా?"

"నేనైతే ఏం జెయ్యలే. గని నాకు తెల్వకుంటనే నా తోటి ఐతున్నదేమో. నా సూపుల ఉన్నదో, నా చేతుల ఉన్నదో. జెర సూసి చెప్పు సారూ. ఉంటే నేనే యాడికన్న పోత."

నువ్వేం చేయలేదు, ఊరుకో అన్నాను. ఆమె ఊరుకోలేదు. "నువ్వు అంటె కాదు, పుస్తకంల సూడు" అంది.

ఆ ఆదివారం బోధన్ బస్టాండు దగ్గరి పుస్తకాల దుకాణానికి వెళ్ళాను. ఎర్ర అట్టల పుస్తకాలు నాలుగు దొరికాయి. శత్రువును పడగొట్టే మంత్రాలు, వశీకరణాలు, గుడ్లగూబ ఈకతో చేసే పనులు. అచ్చుతప్పులు పోగా మిగిలినవి కూడా అర్థం కాలేదు. ఇవి అవ్వకు చూపిస్తే ఇంకా భయపడుతుంది. తరువాతి ఆదివారం నిజామాబాద్ వెళ్ళాను. స్టేషన్ దగ్గర పాత పుస్తకాలు అమ్మే ఒక ముసలి సాయెబు ఉండేవాడు. ఆయన దగ్గర ఉర్దూలో తాయెత్తుల పుస్తకాలు గుట్టగా ఉన్నాయి.

"వీటిల ఏదన్న పనికొచ్చేది ఉన్నదా?" అని అడిగాను.

"మాస్టర్ సాబ్, గివన్ని ఝూట్ కితాబులు. నేను అమ్ముత, నమ్మ" అని నవ్వాడు.

నేను అసలు సంగతి చెప్పాను. ఆయన నవ్వు ఆపేశాడు. లోపలికి వెళ్ళి రెండు పుస్తకాలు తెచ్చాడు. ఒకటి గారడీ పుస్తకం, ఉర్దూలో ఉంది. పక్కన కూర్చోబెట్టుకుని పది కిటుకులు చదివి చెప్పాడు. రెండోది అట్ట ఊడిపోయిన లావుపాటి ఇంగ్లీషు పుస్తకం. ఎవరో పెద్ద ఉద్యోగి ఇంట్లోంచి పాత కాగితాలతో కలిసి వచ్చిందట.

ఆ ఇంగ్లీషు పుస్తకాన్ని నిఘంటువు పక్కన పెట్టుకుని మూడు వారాలు చదివాను. ఎక్కడో చలిదేశంలో, ఎన్నో వందల ఏళ్ళ కింద, మంత్రగత్తెలని పేరుపడిన ఆడవాళ్ళ మీద జరిగిన విచారణలవి. ఒకామె మీద పిల్లకు జ్వరం తెచ్చిందని, ఇంకొకామె మీద పక్కింటి ఆవు పాలు ఎండగొట్టిందని నేరం మోపారు. అందరూ ముసలివాళ్ళు, తోడులేనివాళ్ళు. అన్ని రోజులు అందరూ అదే మాట అడుగుతుంటే వాళ్ళలో కొందరు, అవును, మాలో ఏదో ఉంది కాబోలు అని తామే నమ్మారట. ఆ పేజీ మడిచి పెట్టాను. అవ్వ అడిగిందానికి జవాబు అందులో ఉంది.

మర్నాడే ఆమెను కూర్చోబెట్టి తెలుగులో చెప్పాను. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని వింది.

"అంటే వాళ్ళ తాన ఏం లేకుండెనా?"

"ఏం లేదవ్వా. నీ అసోంటోళ్ళే."

"ఆఖరుకు ఏం జేసిండ్రు సారూ వాళ్ళను?"

పుస్తకంలో వాళ్ళను కాల్చేశారు. నేను అట్లా చెప్పలేకపోయాను. "ఇడిసిపెట్టిండ్రు" అన్నాను. ఆమె ముఖం విప్పారింది. నేను తల దించుకున్నాను.

ఇక ఊరికి చెప్పాలి. ఒక సాయంత్రం బడి ముందు జనాన్ని పిలిచి గారడీ పుస్తకంలోని పనులు చేసి చూపించాను. నిమ్మకాయ కోస్తే ఎర్రటి రసం కారింది. అమ్మో అని వెనక్కి జరిగారు. కత్తికి ముందే మందార పువ్వు రుద్దానని చెప్పి, పువ్వు కూడా చూపించాను. ఎవరూ పువ్వు వైపు చూడలేదు. నా వైపే చూస్తున్నారు. ఆ రోజు నుంచి ఆడవాళ్ళు నేను ఎదురైతే పిల్లలను పక్కకు లాక్కునేవారు.

రెండు రోజులకు జబ్బుపడిన పిల్ల తండ్రి వచ్చి నా కాళ్ళ మీద పడ్డాడు. "నీ కాల్మొక్త సారూ, నీకు ఇద్దె ఎరుకే. గా ముసల్ది వెట్టింది నువ్వే తియ్యాలె."

నాకు విద్య ఏమీ తెలియదని ఎంత చెప్పినా వినలేదు. చివరికి, "నా మాట వింటే పిల్లను నిజామాబాద్ దవాఖానకు తీస్కపో, రేపే" అన్నాను. పోయాడు. డాక్టరు మూర్ఛ అని మాత్రలు రాసిచ్చాడు. నెల తిరిగేసరికి పిల్ల మామూలుగా బడికి వచ్చింది.

నేను గెలిచాననుకున్నాను. ఊరు మరోలా అనుకుంది. సారు బాణామతిని విరగ్గొట్టిండు, కాబట్టి ముసల్ది పెట్టింది నిజమే. పంచాయితీ కూర్చుని అవ్వను పిలిపించారు. ఊరు విడవాలి, లేకుంటే మంత్రం పలకకుండా పళ్ళు రాలగొడతామన్నారు. నేను లేచి గట్టిగా అరిచాను. "మాత్రలతోటి తక్కువైంది! మూర్ఛ అది!"

ఒక పెద్దమనిషి నెమ్మదిగా, మర్యాదగా అన్నాడు. "మాత్రలు యేస్కొమ్మని చెప్పింది ఎవలు సారూ? నువ్వే గద."

ఠాణాకు పోదామంటే అవ్వే వద్దంది. మూడో రోజు ఆమె కూతురి ఊరికి పోయే బస్సు దగ్గరికి నేనొక్కణ్ణే వెళ్ళాను. అవ్వ చిన్న మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నా చేయి పట్టుకుని, "నీ పిల్లలు సల్లగుండ. నాల ఉన్నది నువ్వే తీసేసినవు, ఇప్పుడు పానం తేలిగ్గున్నది" అంది. అందరిలాగే ఆమె కూడా నమ్మింది. నీలో ఏమీ లేదవ్వా అనబోయాను. బస్సు కదిలింది.

ఏడాది తరువాత మంజీర దాటి ఆమెను చూడటానికి పోయాను. కూతురి ఇంటి వాకిట్లో అవ్వతో పాటు కూతురు, కూతురి అత్త, పక్కింటి ఆడవాళ్ళు జొన్నలు చెరుగుతున్నారు. నన్ను చూసి అవ్వ గబగబా లేచింది. నేను దారంతా కూడబెట్టుకున్న మాటలు మొదలుపెట్టాను. "అవ్వా, ఆ పిల్లది మూర్ఛే, నువ్వు..."

"సారూ," అని నా మాటకు అడ్డం వచ్చి, వియ్యపురాలి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "గా ముచ్చట ఈడ తియ్యకు. వీళ్ళకు ఎరుకలేదు."

ఆమెలో ఏ తప్పూ లేదని చెప్పడానికి వచ్చాను. ఆ మాట అంటే చాలు, ఇక్కడా అనుమానం పుడుతుంది. అవ్వ జొన్నరొట్టె, పుంటికూర (గోంగూర) పెట్టింది. నేను తింటూ, ఈ ఏడు చెరకు బాగా పండిందని, ఫ్యాక్టరీ ముందు బండ్లు రెండేసి రోజులు ఆగుతున్నాయని, బస్సు వేళ దాకా అవే చెప్పాను.