వాన పడని రాజ్యంలో గొడుగులు

నా చిన్నప్పుడు, ఎమర్జెన్సీ రోజుల్లో, మా చిన్నాయన పెనుకొండ బడిలో అయ్యవారు. పిల్లలతో నాటకాలు ఆడించడమంటే ఆయనకు పిచ్చి. ఆ ఏడు వార్షికోత్సవానికి ఒక రాజు కథ రాశాడు. చుక్క వాన లేక చేలన్నీ బీడు పడినా, వానలు బాగా కురుస్తున్నాయని చాటింపు వేయించే రాజు. జనమంతా మండుటెండలో గొడుగులు పట్టుకుని తిరగాలి. గొడుగు మూసినవాడికి చెరసాల. ఆ చాటింపు వేసే వేషం నాది.

ఇంట్లో నా చేత మాటలు చెప్పిస్తూ, నవ్వించడానికి ఒక్కోసారి ఆ చాటింపునే రేడియో వార్తల గొంతుతో చదివేవాడు చిన్నాయన. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. "ఇది ఇంట్లోకే పాపా. స్టేజీ మీద కథ కథలాగే ఉండల్ల," అనేవాడు. పదేళ్లదాన్ని, నాకేం అర్థమవుతుంది?

నాటకంలో పద్యం నచ్చితే మా వైపు జనం "ఒన్స్ మోర్" అని అరుస్తారు. చాటింపుకు ఎవరూ అరవరు. ఆ సాయంత్రం నాకు అరిచారు. ఇంక నా కాళ్లు నేల మీద నిలవలేదు. మళ్లీ డప్పు కొట్టి, ఈసారి అచ్చం రేడియో గొంతుతో చదివేశాను. పందిరంతా నవ్వులే నవ్వులు. తెర పక్కన చిన్నాయన మాత్రం నవ్వలేదు. ముందు వరుసలో ఆఫీసర్లూ నవ్వలేదు.

మర్నాడు పొద్దున్నే పోలీసులు ఇంటికొచ్చారు. పాపకు ఆ గొంతు ఎవరు నేర్పించినారని అడిగారు. నేను గుమ్మంలోనే ఉన్నాను.

"స్టేజీ మీద అట్లే చెప్పమని నేనే చెప్పినా సార్. పాపకేం తెలుసు," అన్నాడు చిన్నాయన.

అది అబద్ధమని నాకు తెలుసు. అయినా గుమ్మం దాటి ముందుకు రాలేదు.

ఆయన జైలు నుంచి తిరిగొచ్చేసరికి ఏడాది దాటింది. ఉద్యోగం పోయింది, ఒంట్లో సత్తువా పోయింది. నేను పక్కన కూర్చుని వెక్కివెక్కి ఏడిస్తే, "యాల ఏడుస్తావు పాపా? మన నాటకానికి ఒన్స్ మోర్ పడింది కదా," అన్నాడు. ఆ తర్వాత ఆయన నాటకం రాయలేదు. ఎక్కువ కాలం బతకనూ లేదు.

ఇప్పుడు హిందూపురంలో మా మనవరాలు స్కూల్లో వేయబోయే నాటకానికి మాటలు బట్టీ పడుతుంటే పక్కన కూర్చుని వింటాను. వద్దని ఎప్పుడూ అనను. ఆ గుమ్మంలో నిలబడ్డ పిల్ల మీద నాకు ఈనాటికీ కోపమే. ఎవరైనా మళ్లీ వచ్చి అడుగుతారేమో, ఈసారి నిజం చెబుదామని ఇన్నేళ్లూ చూశాను. ఎవరూ రాలేదు. అందుకే అడగకపోయినా చెబుతున్నాను. ఆ గొంతు పెట్టమని మా చిన్నాయన చెప్పలేదు. నేనే పెట్టాను.