గోడవైపు ముద్దు

మొన్న బజారులో అత్తరు కొట్టు ముందు ఊదు పొగ తగలగానే నా చేయి దానంతటదే ఎడమ చెంప మీదికి వెళ్లింది. నాకది మా పిన్ని వాసన.

రెండువేల నాలుగు ప్రాంతాల్లో దుబాయ్‌కి దగ్గర్లోని రాస్ అల్ ఖైమాలో నాన్న కంకర క్వారీలో మెకానిక్. అక్కడ ఎవరికైనా శుక్రవారమే సెలవు కాబట్టి మాకు అదే ఆదివారం. ఎండ రాకుండా కిటికీలకు వెండికాగితం అతికించిన విల్లా గదిలో, ఏసీ గురగురల మధ్య, కోనసీమ వాళ్లమంతా చాపల మీద ఆడా మగా విడివిడిగా కూర్చునేవాళ్లం. వంటింట్లోంచి రొయ్యల పలావు ఘుమఘుమలాడుతుంటే నాకు ప్రార్థన ఎంతకీ ముగిసేది కాదు.

సంఘపెద్ద ఇసాకు తాతగారికి చదువు పిచ్చి. తొలినాటి విశ్వాసులు వందనానికి బదులు పవిత్రమైన ముద్దు పెట్టుకునేవారని, రొట్టె విరిచేముందు దాంతోనే సమాధానపడేవారని ఎక్కడో చదివారు. అరబ్బులు ముక్కుకు ముక్కు ఆనించి పలకరించుకోవడం చూసి ధైర్యం వచ్చిందేమో, మాచేతా మొదలుపెట్టించారు. కళ్లు మూసుకుని పక్కవారి చెంప మీద ముద్దు పెట్టాలి, అది మధ్యలో ఆగకుండా వరస చివరిదాకా వెళ్లాలి. మగవాళ్ల వైపు గడ్డాలు గుచ్చుకుని ఇబ్బందిగా దగ్గులు వినిపించేవి.

మా వరసలో అమ్మ, నేను, చివర గోడ పక్కన పిన్ని. అమ్మకు ఒక్కగానొక్క చెల్లెలు, ఓ అరబ్బు ఇంట్లో పనిచేసేది, శుక్రవారం మాత్రం ఆ ఇంటి ఊదు వాసనతో వచ్చేది. ఒక వేసవిలో ఆ కుటుంబం ఇల్లు ఖాళీ చేసి పిన్నిని ఎక్కడికో తీసుకెళ్లిపోయింది. నాన్న ఎంత తిరిగినా ఆచూకీ దొరకలేదు. అమ్మకు ముద్ద దిగేది కాదు. పిన్ని చోటులో ఎవరినీ కూర్చోనివ్వలేదు.

"అక్కడ మా సెల్లి కూకుంటాది. నువ్వు ముద్దు ఆపకే," అనేది నాతో.

అలా వారం వారం గాలికి ముద్దు పెట్టేదాన్ని. ఒక శుక్రవారం పెట్టి నిటారుగా కూర్చోబోతుంటే, గోడవైపు నుంచి ఎవరో నా చెంపకు ముద్దు పెట్టారు. గుప్పున ఊదు వాసన. కళ్లు తెరిస్తే ఖాళీ చాప, గోడ. అమ్మ కొంగు గట్టిగా పట్టుకున్నాను. ఆమెన్ అనగానే అమ్మ చెవిలో చెప్పాను.

అమ్మ నా భుజాలు పట్టుకుంది.

"ఎచ్చగా ఉందా, సల్లగా ఉందా? నిజం సెప్పు."

"తెలీదమ్మా. తడిగా ఉంది."

నా చెంప మీద వేలితో రాసి నాలుకకు అద్దుకుంది. "ఉప్పగా ఉందే. ఏడుత్తంది. సచ్చినోళ్లు ఏడవరు. నా సెల్లి బతికే ఉంది!"

ఆ మధ్యాహ్నం అమ్మ కడుపునిండా తింది. ఆమెను చూసి మాత్రం నాకు ముద్ద దిగలేదు.

ఇప్పుడా విల్లా లేదు, తాతగారు లేరు. సంఘాల్లో చేతులు జోడించి వందనాలంటే సరిపోతోంది. పిన్ని కబురు ఇప్పటికీ రాలేదు. అమ్మ రోజూ చెల్లెలి కోసం తిండి అడుగుతుంది, ఆరోగ్యం అడుగుతుంది, తలమీద నీడ అడుగుతుంది. పిన్ని కన్నీళ్లు తుడవమని మాత్రం దేవుణ్ని ఏనాడూ అడగదు.