హెబ్రోను తేలిక చేసిన స్టీరింగు

ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల్లో ఏరియేటర్ ఆగిందంటే రైతుకు మొదట గుర్తొచ్చే పేరు హెబ్రోనుది. నీళ్లలో చక్రాలు తిప్పి రొయ్యలకు గాలి అందించే ఆ మోటార్లను బాగుచేయడమే అతని బతుకుతెరువు. పని లేకపోతే మనిషికి కాలు నిలవదు. బాగా తిరిగే ఫ్యాన్‌ను కూడా దించి విప్పే రకం. ఉన్నదాన్ని ఉన్నట్టు వదిలేయడం అతనికి దేవుడు నేర్పలేదు, పాస్టరు గారూ నేర్పలేకపోయారు.

అలాంటివాడి చేతికి చెన్నైలో ఎవరో వదిలించుకున్న పాత స్పోర్ట్స్ కారు చిక్కితే ఊరుకుంటాడా? రెండే సీట్లు, పైన గుడ్డ టాపు, ఎర్ర రంగు. దాన్ని బతికించింది హెబ్రోనే అయినా నడిపింది అతని భార్య ఎలిశబెతు. గుంటల గట్ల మీద నేర్చుకుని, తలకు స్కార్ఫు బిగించి సముద్రం ఒడ్డునున్న మైపాడు దాకా ఒంటరిగా పోయి వచ్చేది. ఆదివారం చర్చి ముందు ఆ కారు దిగితే తోటి ఆడవాళ్లు మూతులు తిప్పుకునేవారు. ఆమె పట్టించుకుంటేగా!

కిందటేడు ఆమె కుడి రొమ్ముకు క్యాన్సర్ ఆపరేషనైంది. ప్రాణం దక్కింది గానీ ఆ వైపు చెయ్యి మునుపటి చెయ్యి కాలేదు. ఆ కారు స్టీరింగు అసలే మొండిది. నిలబెట్టిన చోట తిప్పాలంటే ఎవరికైనా భుజాలు లాగుతాయి. ఎలిశబెతు ఒకసారి ప్రయత్నించి, దిగి ఇంట్లోకి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఒంటరిగా గేటు దాటలేదు. ఎక్కడికి పోదామన్నా "నువ్వే పోయిరా" అనేది. ఆ మాట వింటే హెబ్రోనుకు అన్నం సహించేది కాదు.

ఇక ఆగుతాడా! నెల్లూరు పాత ఇనుము కొట్లన్నీ జల్లెడ పట్టి, గుద్దుకుపోయిన ఓ చిన్న కారు నుంచి కరెంటు మోటారున్న పవర్ స్టీరింగు ఊడదీయించి తెచ్చి బిగించాడు. అంతటితో సరిపెట్టుకోక సీటు ఎత్తు పెంచాడు, గేరు రాడ్డు పొడుగు చేశాడు, తలుపు పిడి మార్చాడు. ఇంట్లోనూ అదే తీరు. ఆమె బిందె అందుకోబోతే లాక్కునేవాడు, దువ్వెన పట్టబోతే తానే దువ్వేవాడు. "చేతికి పని చెప్పమన్నాడయ్యా డాక్టరు" అని ఆమె మొత్తుకుంటే చెవినపడితేనా!

కారు సిద్ధమైన సాయంత్రం ఆమెను బతిమాలి కూర్చోబెట్టి, పక్కన తానెక్కాడు.

"ఒక్క వేలితో తిప్పు, చూడు!"

తిప్పింది. ఎలిశబెతు ముఖం వెలిగింది. అయితే మైపాడు రోడ్డెక్కి వేగం అందుకోగానే బండి అటూ ఇటూ ఊగసాగింది. ఎదురుగా రొయ్యల మేత లారీ వచ్చింది. ఆమె కాస్త పక్కకు తిప్పబోతే కారు ఏకంగా రోడ్డు దిగి ఇసుకలో ఆగింది.

"ఏందయ్యా ఇది? చేతిలో ఏమీ లేనట్టుండాది! బండి నేను తోల్తుండానా, నువ్వు తోల్తుండావా?"

తప్పేమిటో హెబ్రోనుకు అప్పుడు తట్టింది. గుంట మోటారుకు ఒకటే లెక్క, పెడితే నిండా పెట్టాలి, తగ్గితే రొయ్య చస్తుంది. ఆ అలవాటు కొద్దీ స్టీరింగు మోటారు బలాన్ని మార్చే నాబ్‌ను కూడా చివరిదాకా తిప్పి, ఎవరూ ముట్టకుండా పైన రాయిలా గట్టిపడే ఎం-సీల్ ముద్ద పూసేశాడు. వేగం పెరిగితే ఆ బలం తగ్గాలన్న సంగతే అతని బుర్రకెక్కలేదు.

"నీ చెయ్యి నొప్పెడతాదని..." నసిగాడు.

"నొప్పెట్టనీ! నొప్పెట్టేది నా చెయ్యే గదా. ఆసుపత్రోళ్లు కొంత కోసి తీసేసినారు. మిగిలింది నువ్వు లాక్కుంటుండావు."

హెబ్రోను స్క్రూడ్రైవరుతో ఎం-సీల్ పగలగొట్టి, "నీకెంత కావాల్నో నువ్వే పెట్టుకో" అన్నాడు.

కారును రోడ్డెక్కించి ఆమె నాబ్ కొంచెం తగ్గించింది, తోలి చూసింది, ఇంకొంచెం తగ్గించింది. మలుపులో పళ్లు బిగబట్టాల్సినంత బరువు వచ్చాక తగ్గించడం మాని కారు ఆపింది.

"బరువుగా ఉండాది గదమ్మే," అన్నాడు.

"ఉండనీ. దిగు."

"ఏందీ?"

"దిగయ్యా. సముద్రం దాకా పోయొస్తా."

"ఎంతసేపు?"

"పోయినంతసేపు."

దిగాడు. కారు మలుపు తిరిగి సర్వి చెట్ల తోపు వెనక కనపడకుండా పోయింది. హెబ్రోను నాలుగడుగులు పరిగెత్తి ఆగిపోయాడు. భయం వదల్లేదు. అయినా, ఆమె ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడనందుకు అతనికి ఏడుపొచ్చేంత సంతోషం కలిగింది.