మా ఊరొచ్చీసింది

నర్సీపట్నం కాంప్లెక్సులో చోడవరం బస్సెక్కాను. దిగేలోగా ఊళ్ల పేర్ల ఫైలు డేటాబేస్‌లోకి ఎక్కాలి, లేకపోతే ఆ పని ఇంకొకరికి వెళ్లిపోతుంది. ఎన్నిసార్లు ఇంపోర్ట్ చేసినా ప్రతి తెలుగు అక్షరమూ తెర మీద ప్రశ్న గుర్తుగానే పడుతోంది.

పక్క సీట్లో, ఒళ్లో పనసకాయ పెట్టుకున్న ఒకావిడ ల్యాప్‌టాప్‌లోకి తొంగి చూసింది.

"ఏటి బాబూ, ఇన్ని కొడవళ్లు?"

నవ్వొచ్చింది. నవ్వాక బుర్ర పనిచేసింది. ఇంతసేపూ ఫైలునే తిట్టుకుంటున్నాను, తప్పు డేటాబేస్‌లో ఆ పేర్లు పడే టేబుల్‌ది. దాని కేరెక్టర్ సెట్‌కి, అంటే అక్షరాల పట్టికకి, తెలుగే తెలియదు. దాన్ని అన్ని భాషలూ తెలిసిన యూటీఎఫ్-8కి మార్చి, పాత వరసలు తుడిచేసి, మళ్లీ ఇంపోర్ట్ చేసి, ఎక్కినవన్నీ చూపించమని సెలెక్ట్ క్వెరీ కొట్టాను. తెర నిండా ఊళ్లే!

ఆవిడ వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది. "రో... లు... గుం... ట. మా ఊరొచ్చీసింది!" అని కేకేసింది.

డ్రైవరు బ్రేకు వేసేశాడు.

"ఇంకా నర్సీపట్నమే దాటనేదమ్మా, రోలుగుంటెక్కడ?" అన్నాడు కండక్టరు విసుగ్గా.

"బస్సుకి కాదు నాయనా, ఈ బాబుకొచ్చింది!"

బస్సంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను.

అసలు రోలుగుంట వచ్చాక ఆవిడ దిగిపోయింది. ఇప్పటికీ ఏ కొత్త టేబుల్ కట్టినా మొదటి వరసలో రోలుగుంట అని ఎక్కించి చూస్తాను. అదేం ఊరని ఆఫీసులో అడిగితే, మా ఊరు అంటాను.