పొగమంచులో పట్టా మోత

ఎవరూ వెళ్లని కొండ ఊళ్లు చూడాలని మా ఆయనకు సరదా. ఎవరూ ఎందుకు వెళ్లరో ఒక్కసారైనా ఆలోచించాలా వద్దా? పొద్దున్నే కాఫీ తాగి, ఇప్పుడే వస్తానంటూ ఒక్కడే కొండెక్కాడు. ఫోను మంచం మీదే వదిలేశాడు. మధ్యాహ్నానికి పొగమంచు దిగి, ఎదురింటి గోడ కూడా కనబడకుండా పోయింది. నా గుండెల్లో రాయి పడింది.

మేం దిగింది నాలుగు గదుల లాడ్జి. దాన్ని నడిపే ఆవిడను ఊరంతా లాడ్జి అక్క అంటారు. చిన్న వయసులోనే పెళ్లయి ఇక్కడికి వచ్చిందట. దుప్పట్లు ఉతకడం, నీళ్లు కాచడం, బురద బూట్లతో లోపలికి వచ్చేవాళ్లను చెడామడా తిట్టడం, అన్నీ ఆవిడే. వాళ్లాయన వడ్రంగి. ఆవిడ పది మాటలంటే ఆయన నవ్వి ఊరుకునేవారు. తమ ఇంట్లో ఉన్నది ఒకటే నోరని, అది తన వాటాకే వచ్చిందని అక్కే చెప్పి నవ్వేది.

మంచు దిగితే ఆ ఊళ్లో ఎవరూ పేరు పెట్టి అరవరు. తలో వైపు నుంచీ అరిస్తే దారి తప్పినవాడు బెదిరిపోయి లోయలోకి నడుస్తాడని వాళ్ల భయం. లాడ్జి గేటుకు వేలాడే రైలు పట్టా ముక్కను ఒక్కరే ఆగకుండా కొడతారు. పైనున్న మనిషి ఆ మోత పట్టుకుని దిగి రావాలి.

మా ఆయన్ను వెతకడానికి వడ్రంగి బావగారు కొండెక్కారు. అక్క పట్టా కొడుతూనే ఉంది. నేను కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే చూసి చూసి, సుత్తి నా చేతిలో పెట్టింది.

"ఏడుపు తర్వాత. చెయ్యి మాత్రం ఆపకు" అని, పొయ్యి మీది నీళ్లు చూడటానికి లోపలికి వెళ్లింది.

కొట్టాను. భుజం పీకేస్తున్నా కొట్టాను. మొక్కని దేవుడు లేడు. ఎంతసేపటికో మంచులోంచి దగ్గు వినిపించింది. మా ఆయనే. మోకాళ్ల దాకా బురద, మొహాన ఒక వెర్రి నవ్వు. సుత్తి విసిరేసి వెళ్లి చొక్కా పట్టుకుని కుదిపేశాను. తిట్టాను, ఏడ్చాను, మళ్లీ తిట్టాను. దారిలో ఎవరైనా ఎదురయ్యారా అని అడగాలని కూడా తోచలేదు.

మోత ఆగేసరికి అక్క పరుగున బయటికి వచ్చింది. మా ఆయన్ను చూసింది. ఆయన వెనక్కి చూసింది. అక్కడ ఎవరూ లేరు. నేల మీద వెతికి సుత్తి తీసుకుంది.

"మీ ఆయన వచ్చాడు కదమ్మా, లోపలికెళ్లి వెచ్చగా కూర్చోండి. మా ఆయన ఇంకా పైనే ఉన్నాడు."

ఆవిడ వేసిన మొదటి దెబ్బ పట్టాకు తగలనే లేదు.