చేతులకు చాలని ఊలు

మా అత్తగారితో కాపురం చెయ్యాలంటే ముందు ఉల్లిపొట్టుతో కాపురం చెయ్యాలి. తలుపు వెనక సంచి నిండా ఉల్లిపొట్టు, కిటికీలో దానిమ్మ తొక్కలు, వాడేసిన టీపొడి ఆరబెట్టిన పళ్లెం. కొత్తలో చెత్తనుకుని ఊడ్చి పారేస్తే, ఆవిడ ఒక్క మాట అనకుండా వెళ్లి బుట్టలోంచి ఏరి తెచ్చుకున్నారు. తిట్టినా బాగుండేది. నాకేమో ముక్కు మీదే కోపం, ఆవిడకేమో ఒళ్లంతా మొహమాటం.

స్వెటర్ల మిల్లులో పనిచేసిన మనిషి. మిల్లు మూతపడినా ఆ చేతులు ఊరుకోలేదు. పాత బట్టల అంగట్లో చిరిగిన స్వెటర్లు కొనితెచ్చి, ఒక పోగు వెలిగించి వాసన చూస్తారు. వెంట్రుక కాలిన కంపు వస్తే అసలైన ఊలు, ప్లాస్టిక్ కంపు వస్తే పక్కకు. అసలైనదాన్ని విప్పి, కుర్చీ వీపుకి చుట్టి, రంగు పట్టడానికి పటిక నీళ్లలో నానబెట్టి, ఆ పొట్టూ తొక్కలూ మరిగించిన రంగు నీళ్లలో సన్నని సెగ మీద ఉంచుతారు. "ఊలుకు తొందర గిట్టదమ్మాయ్. కుతకుతా ఉడికించావా, అలిగి ముడుచుకుపోతుంది" అంటారు. అది నా గురించేనేమోనని నేను గుర్రుగా చూస్తాను.

ఈ ఇంటికి నేను రెండో కోడలిని. మొదటామె పోయింది. ఆమె కూతురు నన్ను ఏమనీ పిలవదు, పనిబడితే "ఇదిగో" అంటుంది. వాళ్లమ్మ అల్లిన పసుపు స్వెటర్‌ని మోచేతులు చిరిగినా వదిలేది కాదు. ఈ చలికాలం అందులో తల దూరలేదు. చివరికి తనే తెచ్చి నానమ్మ ఒళ్లో పెట్టి, "పెద్దది చెయ్యి. పాడు మాత్రం చెయ్యకు" అంది.

విప్పి చూస్తే ఊలు ఒంటికి సరిపోతుంది, చేతులకు చాలదు. నేను పుట్టింటి నుంచి తెచ్చుకున్న తెల్ల స్వెటర్ తీసి ఇచ్చాను.

"నీకిష్టమైనది కదమ్మా" అన్నారు అత్తగారు.

"ఇష్టం కాబట్టే ఇస్తున్నా. ఇంకేం మాట్లాడకండి."

ఉల్లిపొట్టుతో ఆ పసుపు అచ్చంగా దిగుతుంది. కానీ ఆ మధ్యాహ్నం పెద్ద స్టీలు గిన్నెలో నా కూర ఉంది. ఖాళీ చెయ్యమని నన్ను అడగడానికి మొహమాటపడి, ఆవిడ ఇనుప మూకుడు పొయ్యెక్కించారు. ఇనుము తగిలితే ఆ రంగు నల్లబడుతుందని ఆవిడకి తెలియదా? తెలుసు. కాసేపే కదా అనుకున్నారట. తీసేసరికి నా తెల్ల ఊలు బురద కలిసిన ఆకుపచ్చగా ఉంది.

"ఒక్క మాట అడిగితే గిన్నె ఇవ్వనా అత్తయ్యా?" అని కేకలేశాను. ఆవిడ తడి ఊలు ఒళ్లో పెట్టుకుని, "పిల్ల నన్ను నమ్మి ఇచ్చిందే" అంటూ ఏడ్చారు. నా కోపం ఎటు పోయిందో, పక్కనే కూలబడ్డాను.

అంతలో బడి నుంచి పిల్ల వచ్చింది. దాచే వేళ కూడా లేదు.

"ఇదెవరిది?" అంది తడి ఊలు చూపించి.

"నాది" అన్నాను.

"మరి అమ్మది?"

అత్తగారు పసుపు ఉండ చేతికిచ్చారు. దానికేమీ కాలేదు. "ఈ పచ్చబడినదాన్ని మళ్లీ ఉతికి రంగేస్తానే. రెండూ కలిసిపోయేట్టు చేస్తాను" అన్నారు.

పిల్ల రెండిటినీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది. "కలపొద్దు నానమ్మా. కలిపేస్తే అమ్మది ఎంతవరకో నాకెలా తెలుస్తుంది?"

ఆవిడ అలాగే అల్లారు, ఒళ్లు పసుపు, చేతులు ఆకుపచ్చ. మణికట్టు దగ్గర ముగించబోతే పిల్ల ఒప్పుకోలేదు.

"వేళ్లు మునిగిపోతాయే" అన్నారు అత్తగారు.

"మునగనీ. నేను పెరుగుతాను కదా. అమ్మది అయిపోయింది, ఈమెది ఇంకా ఉందిగా."

స్వెటర్ తొడుక్కుని బడికి బయల్దేరిన పొద్దున, వాళ్ల నాన్న ఉన్నాడు, నానమ్మ ఉంది, అయినా నా ముందుకే వచ్చి రెండు చేతులూ చాపి నిలబడింది. నేను కూర్చుని, ఒక్కో చేతికీ రెండేసి మడతలు పెట్టాను.