బంతిని చూడని మామ

"మామ పోయిండు" అని ఫోన్లో చెప్పాడు స్టోర్లో ఆయనతో కలిసి పనిచేసే మనిషి. ఎక్కడికి పోయాడని అడిగాను. తప్పు నాది కాదు. జగిత్యాల వైపు వాళ్ళు డ్యూటీకి వెళ్ళినా పోయిండు అంటారు, చాయ్ తాగడానికి వెళ్ళినా పోయిండు అంటారు. ఇన్నేళ్ళు దోహాలో వాళ్ళ మధ్య ఉండి ఆ మాటకి అలవాటు పడిపోయాను. అవతలి మనిషి, "కుర్చీలనే పోయిండన్నా. ఆస్పత్రికి తీస్కపోయినం గని మాఫీ ఫాయిదా, లాభం లేకపాయె" అన్నాడు.

మామ ఉండి ఉంటే ఈ కబురు నమ్మేవాడు కాదు. "ఎవలు చెప్పిన్రు? నువ్వు జూసినవా?" అనేవాడు. అందుకే నేనూ ఆస్పత్రికి వెళ్ళి, కళ్ళారా చూసి, అప్పుడే ఏడ్చాను.

మాకు చుట్టరికం ఏమీ లేదు. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో మేం పదిమందిమి పంచుకుని ఉండే విల్లాలో నా పక్క గది ఆయనది. మధ్యలో గోడ అంటే ప్లైవుడ్ చెక్క. ఆయన తుమ్మితే నేను చిరంజీవ అనేవాణ్ణి. అందరూ మామ అనేవారు, నేనూ అన్నాను. కన్‌స్ట్రక్షన్ కంపెనీలో స్టోర్‌కీపర్. చేతి తొడుగులు చిరిగాయని ఎవరైనా వస్తే, "పాతయి తే, కొత్తయి తీస్కపో" అనేవాడట. పాతవి తెస్తే వాటిని వెలుతురుకి పట్టి, పనిలో చిరిగాయా, కావాలని కోసుకొచ్చారా అని పరీక్ష చేసేవాడట. "ఇంటిదొంగను ఈశ్వరుడు గూడ పట్టడంటరు. ఈశ్వరుడు స్టోర్ల పని చెయ్యలే గద" అనేవాడు నాతో.

ఆ స్టోర్ ఆయనతో పాటు ఇంటికి కూడా వచ్చేది. ఒకసారి పులుసు పెట్టి గిన్నెడు ఇచ్చాను. రుచి చూసి, చెంచా కింద పెట్టి, "ఇంత మంచిగెందుకు వండినవ్? నాతోని ఏమన్న పనున్నదా?" అన్నాడు. నాది రాజమండ్రి. మా వైపు మాట తీపి ఆయనకి అసలే పడదు. "మీ గోదారి గూడ మా దిక్కు మేం మునిగి లేచినంకనే మీ దిక్కు వస్తది. యాదికి పెట్టుకో" అని దెప్పేవాడు. నాకు ఒళ్ళు మండేది. కానీ నాకు జ్వరమొచ్చిన వారం రోజులూ గంజి కాచి ఇచ్చింది కూడా ఆ మనిషే. థర్మామీటర్ మాత్రం రెండుసార్లు పెట్టి చూసేవాడు, మొదటిసారి అబద్ధం చెప్పిందేమోనని.

మామకి ఒక్కతే బిడ్డ. తల్లి ఎప్పుడో పోయింది. ఆ అమ్మాయి ఇంగ్లండ్‌లో ఒక చిన్న ఊళ్ళో నర్సు. ఈయన సంబంధం చూశానంటే, నాకు నచ్చినవాణ్ణి నచ్చినప్పుడు చేసుకుంటానని ఆమె తెగేసి చెప్పింది. మామకి కోపం ముక్కు మీదే ఉంటుంది కదా, "నాకు చెప్పకుండ చేస్కుంటే నీ ముఖం నాకు చూపెట్టకు" అనేశాడు. చెక్కకి ఇవతల నుంచి విన్నాను. ఆ రోజు నుంచి వీడియో కాల్స్ లేవు. ఆదివారం ఆదివారం ఉత్త ఫోన్ వచ్చేది. తిన్నవా, తిన్న, నువ్వు తిన్నవా, తిన్న. అంతటితో సరి. ఫోన్ పెట్టేశాక ఆయన చాలాసేపు దగ్గేవాడు. అది దగ్గు కాదని నాకు తెలుసు.

అలాంటి మనిషి ఒకరోజు, "ఇంగ్లండ్ ఫుట్‌బాల్ వచ్చే చానెళ్ళు పెట్టించాలె, తోడు రా" అన్నాడు. నాకు అనుమానం వచ్చింది. మామ జన్మలో కబడ్డీ తప్ప మరో ఆట చూసి ఎరగడు. పైగా విల్లాలో వాళ్ళు చవగ్గా దొంగ బాక్స్ ఇప్పిస్తామంటే వద్దన్నాడు. "సస్తగ వచ్చింది సగంల ఆగుతది. నాకు కావల్సిన కాడనే ఆగుతది" అన్నాడు. కౌంటర్లో మలయాళీ ఆయన, ఈ దేశాలన్నిటికీ హక్కులు తమవేననీ, ఏ మ్యాచ్ అయినా వస్తుందనీ హిందీలో చెప్పుకొచ్చాడు. మామ నా వైపు తిరిగాడు. "ఆట వాళ్ళది, టీవీ వీళ్ళది, జేబుల ఫులూస్ నావి. మరి హక్కు ఎవలిదంటడు?" నేను హిందీలోకి మార్చకుండా ఊరుకున్నాను. "ఏ మ్యాచ్ రాదో చెప్పమను, అప్పుడు నమ్ముత" అన్నాడు. చివరికి సంతకం పెట్టాడు.

ఆయన చూసేది ఒక్క జట్టునే. బిడ్డ ఉండే ఊరి జట్టు. అది తెలిశాక నాకు సంగతి కొంత అర్థమైంది. ఆ ఊళ్ళో ఆయన చూడగలిగిన చోటు ఆ మైదానం ఒక్కటే. నేను చిన్నప్పటి నుంచీ ఫుట్‌బాల్ పిచ్చోణ్ణి. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో అగ్గిపుల్లలు పేర్చి మరీ చెప్పాను. ఎవరికి కావాలి? ఆయన బంతిని చూస్తే కదా! అటు గోల్ పడుతుంటే ఈయన గోల్ వెనకాల జనాన్ని చూసేవాడు. "ఇంత వానల గొడుగు లేకుండ కూసున్నరు సూడు. మా బిడ్డకు మంచి స్వెట్టర్ ఉన్నదో లేదో." మామతో మ్యాచ్ చూడటమంటే పెళ్ళికి వెళ్ళి చెప్పుల దగ్గర కూర్చోవడమే.

ఇలా ఉండగా ఒక ఆదివారం బిడ్డ గొంతు బొంగురుపోయి వచ్చింది. జలుబు అంది. ఇంకో రెండు వారాలకి మళ్ళీ బొంగురు. ఆ మధ్య ఆదివారం మాత్రం గంటలా ఖంగుమని ఉంది. స్టోర్‌కీపర్ ఊరుకుంటాడా? కొన్నాళ్ళు గమనించి, ఒక సాయంత్రం నా గదిలోకి వచ్చి తలుపు వేశాడు.

"జట్టు సొంతూర్ల ఆడితే ఈమె గొంతు పోతది. వేరే ఊర్ల ఆడితే పోదు. ఇదేం జలుబు గోదారీ?"

"టీవీ ముందు కూర్చుని అరుస్తుందేమో మామా."

"అయితే వేరే ఊరి ఆటకు గూడ అరవాలె గద."

పైగా ఒక చిక్కు ఉంది, అది నేనే చెప్పాను. శనివారం మధ్యాహ్నం మూడింటికి అక్కడ మొదలయ్యే ఆటలు ఇంగ్లండ్ టీవీలో రావు. మనకి దోహాలో వస్తాయి, వాళ్ళకే రావు. మామ నన్ను ఎగాదిగా చూశాడు.

"వాళ్ళ ఊర్ల ఆట వాళ్ళకే రాదు, ఎడారిల ఉన్న నాకొస్తది. నన్ను పిచ్చోన్ని చేస్తున్నవా?"

నా మాట నమ్మక, వాళ్ళ కంపెనీలో ఉన్న ఇంగ్లండ్ ఇంజనీరుని పట్టుకుని అడిగాడట. ఆయన ఉడుక్కుంటూ నిజమేనన్నాడట. ఆటలు టీవీలో వస్తే జనం ఇళ్ళలోనే కూర్చుంటారనీ, చిన్న చిన్న మైదానాలకి ఎవరూ రారనీ ఎప్పటి నుంచో ఉన్న భయమట. తన ఊరి జట్టు ఆట తను దోహాకి వచ్చాకే తీరిగ్గా చూస్తున్నానని కూడా అన్నాడట. ఆ సాయంత్రం మామ సంబరం చెప్పనలవి కాదు. "వాళ్ళకు గూడ జనం మీద నమ్మకం లేదన్నట్టు! మనసొంటోళ్ళే!" అన్నాడు. అంతలోనే ముఖం మారిపోయింది. "టీవీల రాదు. గొంతు పోతున్నది. అంటే ఆమె మైదానంలనే ఉన్నది. ఎవలతోని పోతున్నది?"

ఆ ప్రశ్న ఆయన్ని తినేసింది. కోపమని అనుకునేరు, కాదు. మాట జారినవాడు ఆయనే. బిడ్డ ఎవరినైనా చేసుకుని ఉంటే ఆ మాట వల్లే చెప్పలేకపోతుందని ఆయనకి తెలుసు. ఆ దేశంలో ఒక్కతే ఉందా, తోడుందా, ఆ తోడు ఎలాంటిది? ఇది తెలుసుకోకుండా మామకి అన్నం సహించలేదు. జట్టుకి సొంతూళ్ళో మ్యాచ్ ఉన్న శనివారాల్లో డ్యూటీ దిగి యల్లా యల్లా అంటూ బస్సు వాణ్ణి తొందరపెట్టుకుంటూ వచ్చేవాడు. కాళ్ళు కూడా కడుక్కోకుండా టీవీ ముందు కూలబడేవాడు. రిమోట్ నా చేతిలో. జనాన్ని చూపించినప్పుడల్లా "ఆపు!" అనేవాడు. నేను బొమ్మ ఆపేవాణ్ణి. ఆయన లేచి వెళ్ళి తెరకి ముక్కు ఆనించి వరసవరసగా వెతికేవాడు, స్టోర్లో అరలు వెతికినట్టు.

ఒక శనివారం "ఆపు" అనలేదు. నా చెయ్యి పట్టుకున్నాడు.

విరామం తర్వాత ఆట ఇంకా మొదలవలేదు. మెట్ల పక్కన పసుప్పచ్చ ఉన్ని టోపీ పెట్టుకుని ఒక అమ్మాయి కూర్చుని ఉంది. ముఖం శనగగింజంత. రెండు కాగితపు గ్లాసులు పట్టుకుని గడ్డం అబ్బాయి ఒకడు మెట్లు దిగి వచ్చాడు. తను కూర్చోకముందే ఒక గ్లాసు ఆమెకిచ్చాడు. ఆమె జరిగి చోటిచ్చింది. అంతే, కెమెరా అటు తిరిగిపోయింది.

"ఆమేనంటారా మామా? నాకైతే..."

"ఒక కాలు మడిచి కూసున్నది. వాళ్ళ అమ్మ గూడ గట్లనే కూసునేది." ఆ బొమ్మనే మళ్ళీ మళ్ళీ వెనక్కి తిప్పించాడు. చివరికి, "ముందు ఆమెకిచ్చిండు. జూసినవా? తను తాగలే, కూసోలే, ముందు ఆమెకిచ్చిండు. మనిషి మంచోడే" అన్నాడు.

అన్నేళ్ళలో మామ నోట మంచోడు అనే మాట నేను వినడం అదే మొదలు. నాక్కూడా ఎప్పుడూ ఆ యోగం పట్టలేదు. కుళ్ళుకున్నాను, దాచడం ఎందుకు.

వెంటనే ఫోన్ చేసి చెప్పెయ్యమన్నాను. వద్దన్నాడు. "నేను జూసిన్నంటే దొంగతనంగ జూసిన్నంటది. ఆమెనే చెప్పాలె. ఆమె చెప్పేదాక నేను జూడలే. నువ్వు గూడ జూడలే. ఎండకాలం ఊరికొస్తనన్నది గద, అప్పుడు చెప్తది." మర్నాడు ఫోన్లో మాత్రం, "చలి బాగున్నదా బిడ్డా? వేడి వేడి చాయ్ తాగు" అన్నాడు. అంత మెత్తటి మాట వాళ్ళ మధ్య నడవడం ఆ గొడవ తర్వాత అదే మొదలు. అవతల ఆమె ఏమందో నాకు వినపడలేదు.

ఎండాకాలం దాకా ఆయన ఉండలేదు. ఆయన్ని పెట్టెలో పెట్టి హైదరాబాద్‌కి పంపించాం. ఊళ్ళో తమ్ముడు ఫోన్ చేసి "దుబాయిల మా అన్నకు ఏమైంది సారూ?" అని ఏడ్చాడు. ఇది దుబాయ్ కాదని చెప్పే సమయం కాదు కాబట్టి గుండె ఆగిపోయిందని చెప్పాను. బిడ్డ ఇంగ్లండ్ నుంచి నేరుగా వాళ్ళ ఊరికి వెళ్ళింది. దినాలన్నీ అయిపోయి, తిరిగి ఇంగ్లండ్ చేరాక నాకు ఫోన్ చేసింది.

"అన్నా, ఒకటి అడుగుత, నిజం చెప్పాలె. నాన్నకు నా గురించి ఎవలన్న చెప్పిన్రా?"

"దేని గురించమ్మా?" అన్నాను, తెలిసి కూడా.

"నా పెండ్లి గురించి. చెప్పాలె చెప్పాలె అనుకుంటనే ఉన్న. ఎండకాలం ఇద్దరం పోయి కాళ్ళ మీద పడుదామనుకున్నం. ఆయనకు తెల్వకుండనే పాయె అన్నా."

ఆమె చెప్పేదాకా చూడలేదని కదా మామ అన్నది. చెప్పింది కదా. నేను మొత్తం చెప్పేశాను. బొంగురు గొంతు, ఇంజనీరు, టోపీ, మడిచిన కాలు, రెండు గ్లాసులు.

"జూసి ఏమన్నడు?"

"ముందు ఆమెకిచ్చిండు, మనిషి మంచోడే అన్నాడు."

ఆమె పకపకా నవ్వింది. నేను బిత్తరపోయాను. "అయ్యో నాన్నా! అది మంచితనం గాదన్నా! రెండు గ్లాసులు పట్టుకొస్తే ఈయనకు చేతులు కాలుతయి. ఎప్పుడొచ్చినా ఒకటి నా మీదికి తోసి, వేళ్ళు ఊదుకుంట కూసుంటడు!" ఆ నవ్వు అలాగే ఏడుపులోకి దిగింది. లోకంలో ఒక్కణ్ణీ నమ్మని మామ, నమ్మక నమ్మక ఒక్కసారి నమ్మితే అది చెయ్యి కాలిన సంగతి అయింది. నాకూ నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

వెనకాల ఎవరో ఏదో అడుగుతున్నారు. ఆమె ముక్కు చీదుకుని, "ఉండన్నా, ఈయన మాట్లాడుతనంటున్నడు. తెలుగుల ఒక్క మాటనే వస్తది. నాన్న కోసం నేర్చుకున్నడు" అంది.

ఫోన్ చేతులు మారింది. అతను గొంతు సవరించుకున్నాడు.

"మామా, బాగున్నరా?"

ఒక్కో అక్షరం జాగ్రత్తగా, ఎక్కడా తప్పు పోకుండా అన్నాడు. చెక్కకి అవతల మామ గదిలో కొత్తగా దిగినవాళ్ళు మంచం జరుపుకుంటున్నారు.

"బాగున్న బిడ్డా" అన్నాను.

అది అతనికి అర్థం కాలేదు. వచ్చిన మాట అదొక్కటే కదా, మళ్ళీ అడిగాడు.